‘ని’ బదులు ‘వి’

పలకాయన సాన మీద నీళ్ళు చిలకరించి, సన్న ఉలిని ఏటవాలుగా పెట్టి నూరుతున్నాడు. మధ్యలో ఆగి, మొనను బొటనవేలి గోటి మీద ఆనించి చూశాడు. జారిపోయింది. పదునెక్కితే గోటిని పట్టుకోవాలి. మళ్ళీ నూరడం మొదలుపెట్టాడు. రేకుల షెడ్డులోకి పొద్దుటి ఎండ సగం దాకా వచ్చింది. గోడకి ఆనించిన నల్లరాతి బిళ్ళలు, పాలరాతి ముక్కలు ఆ ఎండలో కూడా చల్లగానే ఉన్నాయి. ఒక మూల, చెక్కించుకుని మళ్ళీ రానివాళ్ళ పలకలు దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద ఒక అమ్మాయి పేరులో సగం, ఒక అబ్బాయి పేరులో సగం కలిపి ఇంటి పేరు చేశారు. ఆ పెళ్ళి జరగలేదు. ఇల్లు లేచిందో లేదో పలకాయనకి తెలియదు.

ఇళ్ళకి పెట్టుకున్న పేర్లు చెక్కి, గుమ్మాల మీదా గేట్ల పక్కనా బిగించడం అతని పని. తండ్రి రోడ్డు పక్క మైలురాళ్ళ మీద అంకెలు చెక్కేవాడు. ఆయనకి అంకెలు తప్ప అక్షరాలు రావు. కొడుకు మాత్రం అక్షరాలన్నీ రాళ్ళ మీదే దిద్దుకున్నాడు. అసలు పేరుతో అతన్ని పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. భార్య కూడా ఎవరైనా వచ్చి అడిగితే, “పలకాయన గారు ఇంట్లో లేరండీ, రాళ్ళు కొట్టుకోవడానికి వెళ్ళారు,” అనేది. మెరిసే స్టీలు అక్షరాలూ, వెనక నుంచి దీపాలు వెలిగే బోర్డులూ వచ్చాక పని బాగా పలచబడింది. అయినా రాయే కావాలని వచ్చేవాళ్ళు అక్కడక్కడ ఉన్నారు.

స్కూటరు వచ్చి షెడ్డు ముందు ఆగింది. తల ఎత్తి చూసిన పలకాయన చెయ్యి సాన మీదే నిలిచిపోయింది.

వచ్చినవాడు ఒక ఇంటి అన్నదమ్ముల్లో చిన్నాయన. కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. స్కూటరు దిగలేదు, హెల్మెట్టు తీయలేదు.

“ఆ పలక తీసెయ్యాలి. ఇవాళే. మేస్త్రీ దానికోసం ఆగి ఉన్నాడు.”

“ఏ పలకండీ?” అన్నాడు పలకాయన, తెలిసి కూడా.

“మాకేమైనా నాలుగైదు చెక్కావా?” అన్నాడు చిన్నాయన. సమాధానం కోసం చూడకుండా స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పలకాయన ఉలిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.  తర్వాత సుత్తి, లావు ఉలి, గునపం సంచిలో వేసుకుని, నిచ్చెన భుజాన ఎత్తుకున్నాడు.

షెడ్డు నుంచి ఊళ్ళోకి పిండిమర చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఒకటి, నేరుగా వెళ్ళే దారి ఒకటి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఎక్కడికి వెళ్ళాలన్నా పిండిమర దారే పట్టేవాడు. నేరుగా వెళితే ఆ అన్నదమ్ముల ఇంటి ముందు నుంచి నడవాలి. ఇవాళ నేరు దారే పట్టాడు.

దారిలో ఎన్నో గుమ్మాల మీద అతని చేతిరాతే ఉంది. ఒక ఇంటికి మొగుడి తల్లి పేరు పెట్టాలా, పెళ్ళాం తల్లి పేరు పెట్టాలా అన్న పంచాయితీ తెగక, ఆఖరికి వాళ్ళ కుక్క పేరు చెక్కించుకున్నారు. కుక్క పోయింది గానీ పేరు ఉంది. ఇంకో ఇంటి గోడ మీద ‘మా ఇల్లు’ అని మాత్రమే ఉంటుంది. అది చెక్కించుకున్నాయన ముప్పై ఏళ్ళు అద్దె ఇళ్ళలో ఉన్నవాడు. పలక బిగించిన రోజు దాన్ని అరచేత్తో నిమిరి, “ఇంకేం రాస్తాం?” అన్నాడు. మామూలు రోజుల్లో ఇవన్నీ చూసుకుంటూ నడవడం పలకాయనకి ఇష్టం. ఇవాళ తల దించుకుని నడిచాడు.

ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టుకున్నది. పెద్దాయన దర్జీ. ఆ చుట్టుపక్కల మగవాళ్ళందరి కొలతలూ ఆయనకి కంఠతా వచ్చు. చిన్నాయనది నెల జీతం. ఇద్దరూ పునాది దగ్గర నుంచి పక్కపక్కన నిలబడి కట్టించుకున్నారు. పేరు పెద్దాయన ఎంచాడు, అనురాగ నిలయం అని. పొడవాటి నల్లరాయి తెప్పించి, వరండా పైన, వీధిలోకి కనపడేలా నడిమధ్యలో పెట్టమన్నాడు.

ఇంట్లో దిగిన రోజు పొద్దున పలకాయన నిచ్చెన వేసి, పలకను సిమెంటులో కూర్చి, దిగి, వెనక్కి నాలుగడుగులు వేసి చూసుకున్నాడు. అప్పుడు కనిపించింది. ‘ని’ ఉండాల్సిన చోట ‘వి’ ఉంది. నిలయం కాదు, విలయం. అనురాగ విలయం. కాగితం మీద పెద్దాయన సరిగానే రాసిచ్చాడు. కాస్త తొందరగా రాస్తే ఆ రెండక్షరాలకీ పెద్ద తేడా ఉండదు. కానీ రాయి మీద తొందర ఎక్కడిది? అతనికి ఆ రోజుల్లో జ్వరం లేదు. ఇంట్లో ఎవరికీ బాగోకపోవడం లేదు. తాగే అలవాటు లేదు. ఏదో ఒకటి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. భార్య కూడా, “జ్వరంతో చేశానని చెప్పరాదూ,” అంది. అది కూడా చెప్పలేకపోయాడు.

కింద చుట్టాలు టీలు తాగుతున్నారు. ఇంత పైకి తల ఎత్తి ఎవరు చదువుతారులే అనుకున్నాడు. నిచ్చెన ఎత్తుకుని గేటు దాకా వచ్చేశాడు. అంతలో, అన్నదమ్ములకి మేనమామ వరసైన ఒక పెద్ద గొంతాయన కప్పు చేత్తో పట్టుకుని, “అనురాగ... ఏంట్రా ఇది? విలయమా?” అని బిగ్గరగా చదివాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వు ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయారు. చిన్నాయన భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నాయన మొహం ఎర్రబడింది.

“తీయించు అన్నయ్యా. ఇప్పుడే తీయించు.”

పెద్దాయన మాత్రం పలకాయన దగ్గరికి వచ్చి, భుజం మీద నిచ్చెన దించించి, చేతికి టీ ఇచ్చాడు.

“మనిషన్నాక చెయ్యి జారదా? వీడి మొహం చూడరా, మనకంటే వీడికే ఎక్కువ కష్టంగా ఉంది. వారంలో కొత్తది తెస్తాడులే. ఏం తమ్ముడూ, తెస్తావుగా?”

“తెస్తానన్నా.”

“నేను నీ తమ్ముణ్ణి,” అన్నాడు చిన్నాయన మెల్లగా. “నా మాట కూడా కాస్త వినొచ్చు.”

వారంలో రాయి దొరకలేదు. అది నిజమే. తర్వాతి వారం రాయి దొరికింది, కానీ ఒక ఆసుపత్రి పని వచ్చింది, గదిగదికీ పలకలు. అదీ నిజమే. ఆ తర్వాత చెప్పుకోదగ్గ కారణం ఏమీ లేదు. ఆలస్యమైందన్న సిగ్గుతో వెళ్ళలేదు. వెళ్ళనందువల్ల సిగ్గు ఇంకా పెరిగింది. పిండిమర దారి అలవాటైంది. పెద్దాయన దగ్గర చొక్కాలు కుట్టించుకోవడం మానేసి రెడీమేడ్ కొట్టుకి మారాడు. ఒకసారి బజార్లో పెద్దాయన ఎదురుపడి, “నీ చొక్కా భుజాలు జారిపోతున్నాయి తమ్ముడూ, ఓసారి వచ్చిపో, సరిచేస్తాను,” అన్నాడు. పలక ఊసు ఎత్తనేలేదు. అదే తిట్టినట్టయింది. వస్తానన్నాడు, వెళ్ళలేదు.

ఆ ఇంటి సంగతులు మంగలి దగ్గరా, టీ బంకు దగ్గరా చెవిన పడేవి. నీళ్ళ మోటారు దగ్గర మొదలైన గొడవైనా, మేడ మెట్ల దగ్గర మొదలైన గొడవైనా తిరిగి తిరిగి పలక దగ్గరికే వస్తుందని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. “నీ ముద్దుల తమ్ముడు తెచ్చాడా పలక?” అని చిన్నాయన అంటాడట. తర్వాత అన్నదమ్ములు మాటలు మానేశారని విన్నాడు. పెద్దాయన భార్య పోయినప్పుడు చిన్నాయన వచ్చి, గుమ్మం బయటే నిలబడి వెళ్ళాడని విన్నాడు. ఇప్పుడు ఇల్లు పంచుకుంటున్నారు.

పలకాయన వెళ్ళేసరికి వాకిట్లో ఇసక కుప్ప, ఇటుకలు. ముందరి ఖాళీ స్థలాన్ని రెండుగా కోస్తూ కొత్త గోడ లేచింది. అది వరండా దాకా వచ్చి, పలక కిందికి చేరి ఆగింది. గోడ పైకి లేస్తే సరిగ్గా రెండు మాటల మధ్య నుంచి పోతుంది. ‘అనురాగ’ పెద్దాయన వాటాలో పడుతుంది, ‘విలయం’ చిన్నాయన వాటాలో పడుతుంది.

మేస్త్రీ బీడీ ఆర్పుతూ నవ్వాడు. “ఎంత చక్కగా పంచావయ్యా! కోర్టు నుంచి కొలవడానికొచ్చే అమీను కూడా ఇంత కచ్చితంగా కొలవలేడు.”

చిన్నాయన నవ్వలేదు. “వాళ్ళకి అనురాగమూ, నాకు విలయమూనా? పీకెయ్,” అని లోపలికి వెళ్ళిపోయాడు.

పలకాయన నిచ్చెన ఎక్కాడు. పలక చుట్టూ ఉన్న సిమెంటును లావు ఉలితో కొంచెం కొంచెంగా రాల్చాడు. అప్పటి సిమెంటు గట్టిది, బిగించినవాడి చెయ్యి ఇంకా గట్టిది. తన పని మీద తనకే విసుగొచ్చింది. దుమ్ము కళ్ళలో పడింది. రాయి మొహానికి అంత దగ్గరగా ఉన్నాక ఆ అక్షరాన్ని చూడకుండా ఉండడం కుదరలేదు. అందంగా ఉంది. వంపు ఎక్కడా వణకలేదు, అంచులు ఎక్కడా పెచ్చు లేవలేదు. ఆ మొత్తం పలకలో అంత బాగా కుదిరిన అక్షరం ఇంకోటి లేదు. నిచ్చెన మీద నిలబడి అతను ఆ సంగతి గమనించి, తనని తాను మనసులో బూతు మాట అనుకున్నాడు.

మేస్త్రీ తాడుతో పట్టు ఇచ్చాడు. పలక పగలకుండా దిగింది.

“దీన్నేం చేద్దాం?” అన్నాడు మేస్త్రీ. కిటికీలోంచి చిన్నాయన గొంతు వినిపించింది. “పెరట్లో పంపు కింద పరిచెయ్. రాతలు కిందికి పెట్టు.”

పలకాయన సంచి సర్దుకుంటుంటే గోడ అవతల నుంచి దగ్గు, దాని వెనక పిలుపు వచ్చాయి.

“తమ్ముడూ! నువ్వేనా? ఆ సుత్తి దెబ్బ నీదేనని పోల్చుకున్నాను. ఇలా రా.”

గోడ చివర నుంచి తిరిగి అవతలి వైపు వెళ్ళాడు. వరండాలో మంచం మీద పెద్దాయన రెండు దిళ్ళకి ఆనుకుని ఉన్నాడు. కండ కరిగిపోయి, భుజాల ఎముకలు చొక్కాలోంచి తెలుస్తున్నాయి. చొక్కా మాత్రం ఆ శరీరానికి సరిపోయేలా కుట్లు లోపలికి పట్టి ఉంది. సొంత చొక్కా, సొంత చేత్తో, ఈమధ్యనే చేసుకున్నట్టుంది. కూతురు మందు గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. బాబాయి పిలిస్తే వచ్చినవాడు కాబట్టి ఏమనాలో తెలియక, స్టూలు చూపించి లోపలికి వెళ్ళింది.

పలకాయన స్టూలు మీద కూర్చోలేదు. నేల మీద కూర్చున్నాడు.

“అన్నా, ఇదంతా నావల్లే,” అన్నాడు.

పెద్దాయన నవ్వబోయాడు. దగ్గు అడ్డొచ్చింది. ఊపిరి సర్దుకునేదాకా చెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

“నీ ఒక్క అక్షరానికే మేం విడిపోయామనుకున్నావా? అంత గొప్పవాడివేం కాదులే నువ్వు. మోటారు దగ్గర కొట్టుకున్నాం. మెట్ల దగ్గర కొట్టుకున్నాం. మా ఆవిడా, వాళ్ళావిడా, నేనూ, వాడూ, తలా ఓ చెయ్యి వేశాం.”

పలకాయన గుండెలో బరువు కాస్త దిగింది. దిగినందుకు వెంటనే సిగ్గేసింది.

పెద్దాయన గోడ వైపు చూస్తూ అన్నాడు. “ఒక్కటి మాత్రం చెప్తాను, ఏమీ అనుకోకు. నువ్వు తెస్తానన్నావు. వాడు రోజూ అడిగేవాడు, తెచ్చాడా అని. తెస్తాడ్రా, మాటిచ్చాడు అనేవాణ్ణి. వాడు విసుక్కునేవాడు, నేను నవ్వేవాణ్ణి. కొన్నాళ్ళకి వాడు అడగడం మానేశాడు. అడిగినన్నాళ్ళూ బాగుంది తమ్ముడూ. తిట్టుకుంటూనైనా మాట్లాడుకునేవాళ్ళం.”

పలకాయన నేల మీద రాలిన సిమెంటు పలుకుల్ని వేలితో పక్కకి తోశాడు. 

“సాయంత్రానికి తెస్తానన్నా.”

“ఏంటి?”

“పలక. చిన్నది. మీ గుమ్మం పక్కన పట్టేంత.”

పెద్దాయన అతన్ని తేరిపార చూశాడు. నవ్వు కళ్ళలోకి వచ్చింది గానీ పెదాల దాకా రాలేదు. “మళ్ళీ వారం అంటావేమో అనుకున్నాను,” అన్నాడు. “సరే, తీసుకురా.”

ఇంటికి వస్తూనే పలకాయన రాళ్ళలో వెతికి, ముందే నునుపు పట్టిన మూరెడు నల్లరాతి ముక్కను తీశాడు. తడిగుడ్డతో తుడిచాడు. సుద్దతో గీతలు గీసుకున్నాడు. అక్షరాలు రాశాడు. చెరిపి మళ్ళీ రాశాడు. భార్య అన్నం తెచ్చి పక్కన పెట్టి, రాయి మీదికి వంగి చదివింది.

“ఇల్లు రెండైపోయిందిగా. ఇప్పుడిది ఎవరికి?”

“ఇస్తానన్నాను.”

“ఎప్పుడు?”

అతను సుద్ద మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఆమె వీధి వైపు నుంచి ఎండ మొహాన పడకుండా గోనెపట్టా ఒకటి తెచ్చి అడ్డం కట్టింది.

అక్షరాలు కోసే యంత్రం జోలికి పోలేదు. అంతా ఉలితోనే చేశాడు. సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, ఒక దెబ్బ, ఊదడం, మళ్ళీ దెబ్బ. ‘ని’ దగ్గరికి వచ్చినప్పుడు ఉలి కింద పెట్టి, లేచి మొహం కడుక్కుని వచ్చాడు. సుద్దగీత మీద వేలు పెట్టి పైకే పలుకుతూ రెండుసార్లు దిద్దాడు, బళ్ళో పిల్లాడిలాగా. భార్యని పిలిచాడు.

“ఇదేంటో చదువు.”

“ని,” అంది ఆమె. “ని అంటే ని. ఇంకోలా ఎలా చదువుతారు?”

“చదివారు,” అన్నాడు. ఉలి తీసుకున్నాడు.

చెక్కుతున్నంతసేపూ ఆ పలకను ఎలా అందించాలో మనసులో అల్లుకున్నాడు. మంచం పక్కన నేల మీద నిలబెట్టి చూపించాలి. చదవమనాలి. ఆయన చదివాక అప్పుడు గుమ్మం పక్కన బిగించాలి. గోడ అవతలికి సుత్తి చప్పుడు వినపడుతుంది. చిన్నాయన బయటికి వస్తాడు. అరుస్తాడు. అరిస్తే మంచిదే. అన్న మీద కాకుండా తన మీద అరవనీ. ఆ మాటలన్నీ పడాలి, ఒక్కటి కూడా వదలకుండా. ఇలా అనుకుంటుంటే ఎన్నేళ్ళ తర్వాతో చెయ్యి తేలిగ్గా ఆడింది. పొద్దు వాలకముందే పని అయిపోయింది. అక్షరాల గాడుల్లో తెల్లరంగు నింపి, ఆరాక, గోనెసంచిలో చుట్టి, భుజాన పెట్టుకుని బయలుదేరాడు.

దూరం నుంచే తెలిసింది. గేటు ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. మేస్త్రీ పని ఆపేసి, చేతులు కడుక్కుని, ఇటుకల కుప్ప మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. పలకాయనని చూసి లేచి, “పెద్దాయన పోయాడు, ఇందాకే,” అన్నాడు. “టీ తాగుతాననీ, వద్దనీ అన్నాడంట. అంతే.”

పలకాయన భుజాన రాయితో అలాగే నిలబడ్డాడు. దించాలన్న ఆలోచన కూడా రాలేదు. మేస్త్రీయే రెండు చేతులా పట్టి, గోనెతో సహా దించి కొత్త గోడకి ఆనించాడు.

వరండాలో మంచం పక్కన స్టూలు మీద చిన్నాయన కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు పైకీ కిందికీ పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు లేదు. లోపల పెద్దాయన కూతురి ఏడుపు, ఆమెను పట్టుకున్న చిన్నాయన భార్య గొంతు వినిపిస్తున్నాయి. పలకాయన మెట్టు దగ్గర ఆగిపోయాడు. చిన్నాయన అతన్ని చూశాడు. మొహంలో కోపం లేదు. పలకాయన ఎదురుచూసిన మొహం అది కాదు.

“పిలిపించాడు నన్ను,” అన్నాడు చిన్నాయన. ఎవరికి చెప్తున్నాడో తెలియనట్టు నేల వైపు చూస్తూ చెప్పాడు. “మధ్యాహ్నం అమ్మాయి వచ్చి, బాబాయ్, నాన్న రమ్మంటున్నాడు అంది. వచ్చాను. ఇక్కడే కూర్చున్నాను. ఇన్నేళ్ళకి ఏదో చెప్తాడు, నేనూ ఏదో ఒకటి చెప్దామనుకుని కూర్చున్నాను.”

మంచం అంచున దుప్పటి సర్దాడు. 

“‘సాయంత్రం పలకాయన రాయి తెస్తాడ్రా, వాణ్ణేమీ అనకు,’ అన్నాడు. సరే అన్నాను. అలసటగా ఉంది, కాసేపు పడుకుంటానన్నాడు. తర్వాత మాట్లాడదాంలే అనుకున్నాను.”

పలకాయన మెట్టు మీద చతికిలబడ్డాడు. తమ్ముడి కోసం మిగిలిన ఆ కాసిని మాటలు కూడా తన కోసమే ఖర్చయిపోయాయి. తను మాట నిలబెట్టుకుంటాడని నమ్మి ఆయన అవి ఖర్చుపెట్టాడు.

“నన్ను తిట్టండి చిన్నన్నా,” అన్నాడు. “నోటికొచ్చినట్టు తిట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

చిన్నాయన అతని వైపు చూశాడు.  ఏదో నోటి దాకా వచ్చి ఆగింది.

“వద్దన్నాడు కదా,” అన్నాడు.

లేచి లోపలికి వెళ్ళాడు.

పలకాయన ఇంకొంచెంసేపు అక్కడే కూర్చున్నాడు. వచ్చేవాళ్ళకి దారి కావలసి వచ్చి, లేచి పక్కకి జరిగాడు. ఎవరో తెలిసినాయన కుర్చీలు తేవాలంటే వెళ్ళి తెచ్చాడు. వాటిని వాకిట్లో వరసగా వేశాడు. దీపం వేలాడదీయడానికి మేకు కావాలంటే కొట్టిచ్చాడు. పలక గురించి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. చీకటి పడ్డాక, చేసేందుకు ఇంకేమీ లేకపోయాక, గేటు తెరుచుకుని వెళ్ళిపోయాడు. ఖాళీ భుజం మీద మధ్యమధ్యలో చెయ్యి వేసి చూసుకుంటూ, పిండిమర దారి గుండా నడిచాడు.

కొత్త గోడకి ఆనించిన గోనెసంచి మూట అలాగే ఉంది. పైన కట్టిన పురికొస ముడి ఎవరూ విప్పలేదు. ఆ రాత్రి వచ్చినవాళ్ళలో ఎవరో మంచినీళ్ళు తాగి, ఖాళీ స్టీలు గ్లాసు దాని మీద పెట్టి వెళ్ళారు.